పిడికెడు బియ్యముతో నిలబడిన సంఘము: బిషప్ అజరయ్య గారి జీవితము



మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలోని సంఘాలలో ఎక్కువ భాగము చిన్నవే. ఇరవయ్యో ముప్పయ్యో కుటుంబాలు, ఒక రేకుల షెడ్డు లేదా పాత పెంకుల మందిరము, ఒక కాపరి, ఒక డోలక్, నాలుగు చాపలు. పడుచువాళ్లు పనికోసం హైదరాబాదుకో ముంబయికో పోయారు. ఆదివారము ఆరాధనలో కనబడేది ముఖ్యముగా తల్లులు, ముసలివారు, పిల్లలు. ఇలాంటి సంఘాల పెద్దలు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. బయటినుండి వచ్చే సహాయము తగ్గిపోయింది, కాపరిని పోషించడమే కష్టముగా ఉంది, ఇక ఊరికి మనమేమి సేవ చేయగలము? పెద్ద సంఘాలు చేయాలిగాని మనవంటివారివల్ల ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు నూరేండ్ల క్రితమే, మన పక్క జిల్లాలోనే, ఒక మనిషి తన జీవితముతో జవాబు చెప్పాడు. ఆయన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు అంటే పెద్దవాళ్లకు తెలుసు. యౌవనస్థులకు మాత్రము ఆ పేరు మందిరము గోడమీది ఫోటోకే పరిమితమైపోయింది. సూర్యాపేట దాటి తూర్పుగా పోతే మానుకోట జిల్లా. అక్కడి దోర్నకల్ జంక్షన్ మనకు రైలు మారే స్టేషనుగా తెలిసినంతగా, ఒక సంఘ చరిత్ర మొదలైన స్థలముగా తెలియదు. అందుకే ఈ వారము ఆయన జీవితమును మీ ముందు ఉంచుతున్నాను.

అజరయ్య గారు తెలుగువారు కాదు. 1874 ఆగస్టు 17న తమిళదేశములోని తిరునెల్వేలి ప్రాంతములో, వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ పల్లె సంఘానికి కాపరి. తల్లి ఎల్లెన్ గారు ఎంతోకాలము కనిపెట్టిన తరువాత పుట్టిన కుమారుడు గనుక హన్నా కుమారుని పేరే పెట్టారు. వారి నాడార్ కులమును ఆ కాలములో పైకులాలవారు తక్కువచూపు చూసేవారు. అజరయ్య గారు పదిహేనేండ్ల ప్రాయములోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి క్రమశిక్షణలో, ప్రార్థనలో పెరిగారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని చివరి పరీక్షవేళ జబ్బుపడి పట్టా లేకుండానే బయటికి వచ్చారు. తరువాతి కాలములో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పట్టా లేదని దేవుని సేవకు వెనుకాడే యౌవనస్థులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అంబు మరియమ్మాళ్ గారిని వివాహము చేసుకున్నారు. కట్నము తీసుకోలేదు. ఆ కాలములో, ఆ సమాజములో అది చిన్న సంగతి కాదు. ఈనాటి మన క్రైస్తవ పెండ్లిండ్లలో కూడా అది చిన్న సంగతి కాదని మనకందరికీ తెలుసు.

ఆయన జీవితమును మలుపు తిప్పింది 1902లో సిలోనుకు చేసిన ప్రయాణము. జాఫ్నాలోని తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్త పరిచర్యను నడుపుకోవడము అక్కడ చూశారు. తిరునెల్వేలి సంఘము వారికంటె పెద్దది, పాతది. అయినా తన జనము మిషనరీల సొమ్ముమీద ఆధారపడి కూర్చుందని ఆయనకు గుండెలో గుచ్చుకున్నది. తిరిగివచ్చి ఊరుకోలేదు. 1903లో తోటి విశ్వాసులతో కలిసి తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. భారతీయుల కానుకలు, భారతీయుల చేతులు, భారతీయుల నాయకత్వము. విదేశీ ధనము అక్కరలేదు. ఇదీ దాని నియమము. 1905 క్రిస్మస్ రోజున సేరంపూరులో, విలియం కేరీ గారు పనిచేసిన చోట, ఇదే ఆశయముతో దేశమంతటికీ నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు కూడా ఆయన ముందున్నారు.

తిరునెల్వేలి సొసైటీ తన పనికోసం ఎన్నుకున్న పొలము మన నిజాం రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. 1904లో అక్కడ పని మొదలైంది. తమిళ పల్లెలలోని బీద క్రైస్తవులు అణాలు, కానులు కూడబెట్టి, తాము ఎన్నడూ చూడని తెలుగువారి కొరకు పంపారు. మన తెలంగాణకు సువార్త అమెరికానుండి, ఇంగ్లాండునుండి వచ్చిందని చెప్పుకుంటాము. నల్లగొండలో 1890లో పని ప్రారంభించిన అబ్రహాము ఫ్రీసెన్ గారు రష్యానుండి వచ్చిన మెన్నోనైటు. అదంతా నిజమే, వారికి మనము రుణపడి ఉన్నాము. అయితే తాటిచెట్లెక్కి కల్లుగీసే కుటుంబాలలో పుట్టిన తమిళ విశ్వాసులు కూడా మనకొరకు చెల్లించారన్న సంగతి మరువరాదు.

ఇతరులను పంపడముతో అజరయ్య గారికి తృప్తి కలుగలేదు. 1909లో, ముప్పై అయిదేండ్ల వయస్సులో, వై.ఎం.సి.ఎ. పెద్ద ఉద్యోగమును వదిలి, గురువుగా అభిషేకము పొంది, భార్యాపిల్లలతో దోర్నకల్ వచ్చారు. మొదట గుడారములో కాపురము. చుట్టూ అడవి, మలేరియా జ్వరాలు, తెలియని భాష. తెలుగు అక్షరాలు దిద్దుకొని నేర్చుకున్నారు. ఎడ్లబండిమీద, సైకిలుమీద పల్లెలు తిరిగారు.

ఆ మరుసటి సంవత్సరమే, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడే అవకాశము వచ్చింది. అంత పెద్ద సభలో ఆసియావారు కొద్దిమందే. పొగడ్తలు చెప్పి కూర్చోవచ్చు. ఆయన ఆ పని చేయలేదు. మిషనరీలు మాకొరకు ఎంతో త్యాగము చేశారు గాని, మాతో సమానులుగా కూర్చుని స్నేహము చేయడములో వెనుకబడ్డారని వారి ముఖముమీదనే, ప్రేమతో చెప్పారు. కొందరికి అది మింగుడు పడలేదు. సంఘ చరిత్ర చదివేవారు మాత్రము ఆ సభలోని వందల ప్రసంగాలలో ముందుగా గుర్తు చేసుకునేది దానినే.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనను బిషప్పుగా ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవాళ్ల పైన నల్లవాడు అధికారియా అని కొందరు మిషనరీలు అభ్యంతరపెట్టారు. భారతీయ క్రైస్తవులలోనే కొందరు ఓర్వలేకపోయారు. ఆయనకు మొదట అప్పగించిన అధ్యక్ష ఖండము చాలా చిన్నది. విశ్వాసులు కొద్దివేలమంది, అందరూ పల్లెవాసులు, దాదాపు అందరూ మాల, మాదిగ కుటుంబాలవారు. దొరల గడీలలో వెట్టిచాకిరీ చేసేవారు, ఒకరి పొలాలలో జీతముండేవారు, అప్పులో పుట్టి అప్పులో చనిపోయేవారు.

ఇక్కడే మనకు అసలు పాఠము మొదలవుతున్నది. వీళ్లు బీదవారు గనుక వీళ్లకు మనము పెట్టాలి అని ఆయన అనుకోలేదు. వీళ్లు దేవుని సంఘము గనుక వీళ్లు ఇవ్వగలరు అని నమ్మారు. ఇవ్వడము నేర్పకపోతే బీదవానిని ఇంకా బీదవానిగా ఉంచినట్టేనని ఆయన భావము.

నేర్పిన పద్ధతి ఎంత సులభమో చూడండి. ఇంట్లో తల్లి వంటకు బియ్యము కొలుచుకున్నప్పుడు అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. బియ్యము దొరకని ఇంట్లో జొన్నలో, సజ్జలో. తీసేటప్పుడు చిన్న ప్రార్థన. ఆదివారము ఆ కుండ మందిరానికి వస్తుంది. వారమంతా పస్తులకు దగ్గరగా బ్రతికే ఇల్లు కూడా కాపరి పోషణలో పాలుపంచుకుంటుంది. కోతలు అయిన తరువాత కోతపండుగ. ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, మేకపిల్లలు, ఎవరికి ఉన్నది వారు తెచ్చి దేవుని సన్నిధిలో పెట్టేవారు. వాటిని వేలము వేసి ఆ డబ్బు సంఘానికి చేర్చేవారు. ఈ ఆచారాలు ఈనాటికీ మన సంఘాలలో ఉన్నాయి. వీటికి ఇంత వ్యాప్తి తెచ్చినవారిలో దోర్నకల్ బిషప్పు గారు ముఖ్యులు. క్రైస్తవుని ఈవి గురించి ఆయన ఒక పుస్తకమే వ్రాశారు. సారెపతు విధవరాలి పిండి తొట్టెను గూర్చి ప్రసంగించడము వేరు, ఆ తొట్టెను ప్రతి గుడిసెలో పెట్టించడము వేరు.

రెండవ సంగతి, సంఘ పనివారి తర్ఫీదు. దోర్నకల్‌లో ఆయన నడిపిన పాఠశాలలో ఉపదేశులు కావలసినవారు భార్యాపిల్లలతో వచ్చి ఉండేవారు. పల్లె ఇండ్లవంటి ఇండ్లలోనే కాపురము. చదువుతోపాటు పొలము పని, చేతిపని. చదివినంత మాత్రాన చేతికి మట్టి అంటకూడదనుకునే అలవాటును ఆయన ఒప్పుకోలేదు. భార్యలకు కూడా చదువు చెప్పారు. అంబు మరియమ్మాళ్ గారు ఈ స్త్రీల పనిలో భర్తకు కుడిభుజము. పల్లెలో ఉపదేశి ఇల్లే బడి, ఉపదేశి భార్యే మంత్రసానికి, బాలింతకు సలహా చెప్పే అక్క. పగలు పశువులు కాసే పిల్లలకు రాత్రిపూట దీపము పెట్టి అక్షరాలు నేర్పేవారు. కాలక్రమేణా వైద్యశాలలు, సహకార సంఘాలు, అచ్చుయంత్రము వచ్చాయి గాని, వాటన్నిటికీ పునాది ఆ దీపము కిందనే పడింది.

మూడవ సంగతి, ఆయన పల్లెలకు వెళ్లి యుద్ధము ప్రకటించిన నాలుగు దయ్యాలు: మురికి, జబ్బు, అప్పు, తాగుడు. ప్రసంగ పీఠము మీదినుండి ఆయన పరలోకమును గూర్చి చెప్పినంత గట్టిగా ఈ నాలుగింటిని గూర్చి కూడా చెప్పేవారు. బాప్తిస్మము పొందిన ఇంటిముందు చెత్తకుప్ప ఉండరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. పెండ్లికి అప్పు చేసి జీవితమంతా షావుకారుకు దాసుడై ఉండరాదు. పండుగకు కల్లు తాగరాదు. వినడానికి ఇవి చిన్న నియమాలు. అయితే ఊరిబయటి వాడలో ఇవి అమలైనప్పుడు ఊరంతా చూసింది. నిన్నటిదాకా తాగి కొట్టుకున్నవారు సాయంత్రము భజన చేసుకుంటున్నారు, పిల్లవాడు చదువుతున్నాడు, అప్పు తీరుతున్నది. ఆ మార్పు చూసి 1920, 30లలో తెలుగుదేశములోని కొన్ని చోట్ల పైకులాలవారు కూడా సంఘము వైపు వచ్చారు. ఏ పండితుడూ వాదించి వారిని ఒప్పించలేదు. తమ పొలములో పనిచేసే కూలివాని బ్రతుకు వారిని ఒప్పించింది.

నాలుగవది, సాక్ష్యము అందరి పని. బాప్తిస్మము పొందినవాడు తన చేతిని తన తలమీద పెట్టుకొని, తాను సువార్త చెప్పక ఉండనని ప్రమాణము చేసేలా ఆయన నేర్పారు. సంవత్సరానికొకసారి సాక్ష్యవారము. ఆ వారములో అక్షరము రాని కూలీలు, ముసలమ్మలు గుంపులుగా పక్క ఊళ్లకు పోయి తమకు ప్రభువు చేసిన మేలును పాటలతో చెప్పేవారు. పాశ్చాత్య రాగాలే పవిత్రమని ఆయన అనుకోలేదు. భజనలు, కథాకాలక్షేపాలు, దీపాల ఊరేగింపులు, జాతరవంటి క్రైస్తవ ఉత్సవాలు, మన జనానికి తెలిసినవన్నీ ప్రభువు సేవకు వాడుకున్నారు. దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ చూసినవారికి ఇది అర్థమవుతుంది. గుళ్ల స్తంభాలు, మసీదుల గుమ్మటాలు, తామరపూవుమీద సిలువ. చేతిలో ఉన్నప్పుడు కట్టుతూ, లేనప్పుడు ఆపుతూ, దాదాపు పాతికేండ్లు కట్టారు. 1939 జనవరి 6న దానిని ప్రతిష్ఠించారు. అప్పుచేసి ఒక్క సంవత్సరములో కట్టి, తరువాత పదేండ్లు కొట్లాడుకునే మందిర నిర్మాణ కమిటీలు ఆ పాతికేండ్ల ఓర్పును గూర్చి ఆలోచించాలి.

ఆయనకు అన్నీ సాధ్యము కాలేదు. ఒక్క మాట దాచకుండా చెప్పాలి. మాల, మాదిగ అనే గోడను ఆయన పూర్తిగా పడగొట్టలేకపోయారు. అన్ని కులాలవారిని తన బల్లదగ్గర కూర్చోబెట్టి భోజనము పెట్టారు. ఒకే పాత్రలోనుండి ప్రభురాత్రి భోజనము తీసుకోవాలని పట్టుబట్టారు. అయినా ఆయన ఖండములోనే ఆ పోటీ, ఆ అనుమానము చివరిదాకా బాధపెట్టాయి. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని 1932లో ఆయన గట్టిగా చెప్పినది కూడా ఈ బాధనుండే. సంఘము ఓట్లు అడిగే ఇంకో కులమైపోతుందని ఆయన భయము. ఈనాడు మన సంఘ ఎన్నికలలో ఏ వాడవారు ఎంతమంది అని లెక్కలు వేసుకునేటప్పుడు, ఆ భయము నిజమైందా కాలేదా అని మన మనస్సాక్షినే అడుగుదాము. ఆయన మిగిల్చి పోయిన పనులలో ఇది ముఖ్యమైనది. అది ఇప్పుడు మన చేతిలో ఉంది.

మతమార్పిడి విషయములో గాంధీజీకి ఆయనకు తీవ్రమైన అభిప్రాయ భేదము వచ్చింది. ఇద్దరూ దేశమును ప్రేమించినవారే, ఇద్దరూ అంటరానితనమును ద్వేషించినవారే. వాడలోని మనిషికి తన దేవుని తాను ఎన్నుకునే బుద్ధి ఉందని అజరయ్య గారు నమ్మారు. ఆ నమ్మకమును ఎవరి గౌరవముకోసము వదులుకోలేదు. అలాగని దేశాభిమానములో ఎవరికీ తీసిపోలేదు.

సంఘాల ఐక్యత ఆయన జీవితపు చివరి భారము. 1919లో తరంగంబాడిలో కూడిన కాపరుల సభలో ఆయన ముందుండి నడిపిన ఆలోచన 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా రూపు దాల్చింది. ఆ రోజు చూడడానికి ఆయన లేరు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. అంతకు కొద్ది రోజుల ముందువరకు పల్లె సంఘాలను దర్శిస్తూనే ఉన్నారు. కొద్దివేల విశ్వాసులతో మొదలైన ఖండములో అప్పటికి రెండు లక్షలకు పైగా విశ్వాసులున్నారు. మన ప్రాంతపు బాప్తిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు ఆ ఐక్యతలో చేరలేదు, చేరకపోవడానికి వాటి కారణాలు వాటికి ఉన్నాయి. అయినా ఒకే ఊళ్లో రెండు మందిరాలవారు ఒకరి సమాధి కార్యక్రమానికి ఒకరు పోకుండా ఉండడానికి మాత్రము ఏ సిద్ధాంతమూ కారణము కాదు.

ప్రియులారా, మొదట అడిగిన ప్రశ్నకు వద్దాము. చిన్న సంఘము ఏమి చేయగలదు?

దోర్నకల్ పల్లెలవారికంటె మనము బీదవారమా? వారికి వెట్టి ఉండేది, మనకు లేదు. వారికి అక్షరము లేదు, మన పిల్లలు డిగ్రీలు చదివారు. వారికి లేనిది ఇంకొకటి కూడా ఉంది: ఎవరో బయటినుండి ఇస్తారన్న ఎదురుచూపు. ఆ ఎదురుచూపు లేనందువల్లనే వారి పిడికిలి తెరుచుకున్నది.

ఒక పని చేసి చూడండి. ఈ నెలలో ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యపు డబ్బా మరల మొదలుపెట్టండి. అయితే అంతా కాపరికే అని కాదు. సగము కాపరి కుటుంబానికి, సగము ఊళ్లో వండుకోలేని ఒంటరి ముసలివారికి, వారు ఏ కులమైనా, ఏ మతమైనా. హైదరాబాదులో ఉన్న పిల్లలు కూడా తమ వంతు ఫోనుద్వారా పంపవచ్చు. పిడికిలి మారుతుంది, కానుక మారదు. చదువుకున్న పిల్ల ఒక్కతి ఉంటే వారానికి రెండు సాయంత్రాలు మందిరములో ఊరి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. పింఛను కాగితము, ఆసుపత్రి కార్డు రాయించుకోలేని వారికి యౌవనస్థులు తోడు వెళ్లవచ్చు. తాగుడు మానాలనుకునేవాని ప్రక్కన రాత్రి తొమ్మిదింటివరకు కూర్చునే ఇద్దరు పెద్దలుంటే చాలు, ఆ ఇంట్లో సగము యుద్ధము గెలిచినట్టే. వీటిలో ఏదానికీ ప్రాజెక్టు అక్కరలేదు, ప్రారంభోత్సవము అక్కరలేదు.

నాలుగు దయ్యాలు ఇంకా మన ఊళ్లలోనే ఉన్నాయి. మురికి ప్లాస్టిక్కుగా మారింది. జబ్బు షుగరుగా, బీపీగా, ఫ్లోరైడు నీళ్లుగా ఉంది. అప్పు షావుకారు ఇంటినుండి ఫోనులోని లోన్ యాప్‌లోకి వచ్చింది. తాగుడు బెల్టుషాపుగా వీధిమూలన కూర్చుంది. బిషప్పు గారు నేటి మన పల్లెకు ఎడ్లబండిమీద వస్తే వీటన్నిటినీ వెంటనే గుర్తుపడతారు. ఎదురు నిలిచే సంఘము ఎక్కడుందని మాత్రము ఆయన మనలను అడుగుతారు.

చిన్న మందను భయపడవద్దని చెప్పిన ప్రభువు, పిడికెడును ఆశీర్వదించి పదిమందికి సరిపెట్టగల దేవుడు, మన సంఘాలకు తీసుకొనే చేతులకంటె ఇచ్చే చేతులను అనుగ్రహించును గాక. ఆమేన్.